బేసి కాగితాలు అమ్మకి, సరి కాగితాలు నాన్నకి

ఒకటో కాగితం: అమ్మకి

నన్ను కన్న ఇద్దరికీ,

నేను కులాసా, మీరూ కులాసా అని తలుస్తాను లాంటి మాటలు ఇందులో ఉండవు. నేను కులాసాగా లేను. మీరు ఎలా ఉన్నారో అడిగే ఓపిక కూడా నాకు లేదు. ఒళ్ళు మండిపోతోంది.

ముందు ఒక సంగతి వినండి. ఇది ఒకటే ఉత్తరం, ఐదు కాగితాలు. బేసి కాగితాలు అమ్మ కుట్టు కొట్టుకి పంపుతున్నాను, సరి కాగితాలు నాన్న పనిచేసే లిఫ్టుల కంపెనీ ఆఫీసుకి. అమ్మా, నీ చేతికి వచ్చినవాటితో నీకు సగమే తెలుస్తుంది. మిగతా సగం ఎవరి జేబులో ఉందో నీకు తెలుసు. వంటింట్లోంచి వరండాలోకి నడిచి వెళ్ళి అడుగు. అంతేగానీ నాకు ఫోను చేసి "మీ నాన్న దగ్గరున్న కాగితంలో ఏముందో కాస్త చెప్పవే" అన్నావంటే మాత్రం ఊరుకోను. అసలు ఫోనే ఎత్తను.

ఇక నా గొంతు సంగతి. ఇక్కడ మాకు రాళ్ళు అరగదీసే గది ఒకటుంది. రాతిని పల్చటి బిళ్ళలా కోసి, గాజు పలకకి అతికించి, వెలుతురు కనబడేదాకా అరగదీయాలి. మా భూగర్భశాస్త్రం చదువులో సగం అదే. ఆ దుమ్ము వల్లే కాబోలు గొంతులో గరగర అనుకున్నాను. ఉప్పునీళ్ళు పుక్కిలించాను, బిళ్ళలు చప్పరించాను. తగ్గలేదు సరికదా, గుటక వేయాలంటే నీ గుండుసూదుల డబ్బా నోట్లో ఒంపుకున్నట్టు ఉండేది. ఒక పక్క చెవిపోటు. ఉమ్మి మింగలేక గ్లాసు పక్కన పెట్టుకుని అందులో ఉమ్ముకుంటూ కూర్చున్నాను. ఆ స్థితిలో నువ్వు ఫోను చేసి, "మీ నాన్నకి చెప్పు, ఆదివారం నేను ఒక పెళ్ళికి వెళ్తున్నాను, వంట చేసుకోమను" అన్నావు. నాన్న ఎక్కడున్నాడమ్మా అప్పుడు? నీ వెనకాల ఆయన దగ్గు నాకు వినబడుతూనే ఉంది. అయినా సరే, నేను ఫోను పెట్టేసి, మళ్ళీ ఆయనకి చేసి, ఆ గొంతుతోనే చెప్పాను. ఆయన "సరేనని చెప్పు" అన్నాడు. మళ్ళీ నీకు చేశాను. నా గొంతు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఇద్దరికీ కబురు ముట్టింది కదా, ఇంకేం కావాలి.

మర్నాటికి నోరు తెరుచుకోవడం మానేసింది. మాట ముద్దముద్దగా వస్తోంది. నా గదిలో ఉండే అమ్మాయి నన్ను ఆస్పత్రికి లాక్కుపోయింది. ఆమెని మేమంతా పొడుగు అంటాం, గుమ్మం దాటాలంటే తల వంచాలి పాపం. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, టాన్సిల్ పక్కన చీము గడ్డ కట్టింది, ఇవాళే కోసి తీయాలి, లేకపోతే ఊపిరికి అడ్డం పడుతుంది అంది. ఇంటి నుంచి ఎవరైనా వస్తారా అని అడిగింది. నేను మీ ఇద్దరికీ ఒకే మెసేజి పెట్టాను. "ఆస్పత్రిలో చేర్చుకుంటున్నారు. గొంతులో కోస్తారట. ఎవరో ఒకరు రండి" అని. అమ్మా, నువ్వు వెంటనే జవాబిచ్చావు. "మీ నాన్న బయల్దేరాడు, ధైర్యంగా ఉండు" అన్నావు. ఆ వెనకే నాన్న దగ్గర్నుంచి కూడా వచ్చింది. ఆయన ఏమన్నాడంటే

రెండో కాగితం: నాన్నకి

"అమ్మ బయల్దేరింది, భయపడకు" అని.

నాన్నా, ఇదేమిటి మధ్యలోంచి మొదలైందని కవరు తిరగేసి చూడకు. మొదలు అమ్మ దగ్గరుంది. వెళ్ళి అడిగి తీసుకో. నీకు సరి కాగితాలు మాత్రమే వస్తాయి.

ఆ రెండు మెసేజిలు పక్కపక్కన పెట్టుకుని నేనేం అనుకున్నానో తెలుసా? ఇద్దరూ కలిసి వస్తున్నారనుకున్నాను. సంతోషపడ్డాను కూడా. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ చీముగడ్డ మంచి పని చేసింది, అమ్మానాన్నా ఒక బస్సులో కూర్చున్నారు అనుకున్నాను. పొడుగుని పిలిచి సైగ చేసి రెండు కుర్చీలు తెమ్మన్నాను. వార్డులో మనిషికి ఒక్క కుర్చీయే ఇస్తారు. పొడుగు నర్సమ్మని బతిమాలి, ఇంకో మంచం దగ్గరిది ఎత్తుకొచ్చింది. నా మంచానికి చెరో పక్కా వేయమన్నాను. తర్వాత మళ్ళీ ఒకే పక్కకి వేయించాను, పక్కపక్కన. పిచ్చిదాన్ని.

నన్ను కోతకి తీసుకెళ్ళారు. మత్తు మందు గొంతులో కొట్టి, నోరు తెరిపించి, కోశారు. ఆ చీము రుచి నీకు చెప్పను. కళ్ళవెంట నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి. డాక్టరమ్మ "మీవాళ్ళు వచ్చేశారా?" అంది. వచ్చేస్తున్నారు అన్నట్టు తల ఊపాను. తిరిగి మంచం మీదికి వచ్చేసరికి ఆ రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. సాయంత్రం చూడడానికి వచ్చేవాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. పక్క మంచం ముసలామె కొడుకు, "ఇవి ఖాళీయే కదమ్మా" అని ఒకటి తీసుకెళ్ళాడు. వద్దు అనడానికి నాకు గొంతు లేదు.

అసలేమైందో తర్వాత నేనే కూర్చుని కూడుకున్నాను. నువ్వు పొద్దున్నే సంచి సర్దుకుని వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టు బిగించడానికి వెళ్ళావు. నీ సంచి కనబడలేదు కాబట్టి నువ్వు నా దగ్గరికి పోయావని అమ్మ అనుకుంది. అమ్మ కుట్టిన యూనిఫారాల మూట తీసుకుని కొట్టు మూసి స్కూల్లో ఇవ్వడానికి వెళ్ళింది. కొట్టు మూసి ఉందని ఎదురింటివాళ్ళు ఫోనులో ఏదో మాటల్లో అంటే, ఆమె నా దగ్గరికి వచ్చిందని నువ్వు అనుకున్నావు. అనుకోవడం తప్ప అడగడం మీ ఇద్దరికీ చేతకాదు. వెళ్ళావా అని ఒక్క మాట! ఒక్క ఫోను! లిఫ్టులో ఇరుక్కుపోయిన ముక్కూమొహం తెలియనివాళ్ళతో తలుపు బయట నిలబడి గంటసేపు కబుర్లు చెప్పి నవ్విస్తావట, మీ మేనేజరు చెప్పి మురిసిపోతాడు. పెళ్ళాం ఫోను నంబరు అసలు నీ దగ్గరుందా?

మర్నాడు అమ్మ ఫోను చేసింది. నాన్నా, మొట్టమొదట ఆమె నోటివెంట వచ్చిన మాట ఏమిటనుకుంటున్నావు? నా గొంతు గురించి అనుకుంటున్నావా?

మూడో కాగితం: అమ్మకి

"వెనకగది తాళంచెవి జేబులో వేసుకుపోయాడు, మీ నాన్నకి చెప్పు" అన్నావమ్మా. నాన్న ఇక్కడ లేడు అని చెప్పడానికి నాకు నోరు తిరగలేదు. "ఏంటే ముద్దలా మాట్లాడతావు, తిన్నగా చెప్పు" అని కసిరావు. పొడుగు నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఆంటీ, ఇక్కడ ఎవరూ రాలేదు, నిన్నట్నుంచి నేనొక్కదాన్నే ఉన్నా" అంది. దానికి నువ్వన్నావట, "అయితే ఆయనెక్కడికి పోయినట్టు? కనుక్కోమను" అని. పొడుగు నాకు ఆ మాట చెప్పడానికి మొహమాటపడింది. పరాయి పిల్ల మొహమాటపడింది, మీకు లేదు.

ఇది ఎలా మొదలైందో నాకు బాగా గుర్తుంది. నేను ఆరో తరగతి. నువ్వు ఊరెళ్ళినప్పుడు నాన్న నీ పాత కుట్టు మిషను అమ్మేసి కొత్త మోటారు మిషను తెచ్చి పెట్టాడు. సంతోషిస్తావనుకున్నాడు. అది అమ్మమ్మ మిషను అని ఆయనకి గుర్తులేదు. నువ్వు వచ్చి చూసి, నన్ను పిలిచి, "ఆ మనిషికి చెప్పు, నా మిషను తిరిగి తెచ్చేదాకా నాతో మాట్లాడొద్దని" అన్నావు. నేను యూనిఫారంలోనే వరండాలోకి వెళ్ళి చెప్పాను. ఆయన, "ఆ ఇనప ముక్క కోసం నోరు మూసుకుంటానంటే మూసుకోమను" అన్నాడు. ఆ మిషను దొరకనూ లేదు, మీ నోళ్ళు పెగలనూ లేదు. అప్పట్నుంచీ ఇంట్లో నాకు అదే ఉద్యోగం. పరీక్షకి చదువుతుంటే లేపేవాళ్ళు. స్నానం చేస్తుంటే తలుపు కొట్టేవాళ్ళు. యూనివర్సిటీలో సీటు వచ్చినప్పుడు నాకు కలిగిన ఆనందం చదువు గురించి కాదమ్మా, ఇక మీ ఇద్దరూ మాట్లాడుకోక తప్పదని. మీరేమో ఇద్దరూ చెరో ఫోను కొనుక్కున్నారు.

నాలుగో కాగితం: నాన్నకి

ఇప్పుడు రాసేది ఇద్దరికీ కోపం తెప్పిస్తుంది. తెప్పించాలనే రాస్తున్నాను.

నేను ఇన్నేళ్ళూ మీరు చెప్పినవి చెప్పినట్టు మోయలేదు. నాన్నా, అమ్మ "ఆ పెద్దమనిషి ఇవాళైనా వేళకి కొంపకి తగలడతాడా అడుగు" అంటే, నీ దగ్గరికి వచ్చేసరికి అది "నువ్వెప్పుడొస్తావని అమ్మ ఎదురుచూస్తోంది" అయ్యేది. నీ వేలు లిఫ్టు తలుపులో నలిగి కట్టుతో వచ్చినప్పుడు, "అమ్మ పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నాన్నా" అన్నాను. నువ్వు కట్టు వైపు చూసుకుంటూ "తినమను" అన్నావు. అదీ నా సొంత కవిత్వమే. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆమె మిషను కుడుతూ ఉంది, తిందో లేదో నాకేం తెలుసు. నువ్వు అడిగావని అమ్మకి, అమ్మ అడిగిందని నీకు. మీ కాపురంలో ఉన్న నాలుగు మంచి మాటలూ నేను అల్లినవే. ఇంక అల్లలేను. వల్ల కాదు. నా సొంత మాటలు మాట్లాడడానికే గొంతు సరిపోవడం లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కొన్నాళ్ళపాటు మాట్లాడొద్దు అన్నప్పుడు నాకేం అనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. గొంతు కోయించుకున్న ఆడపిల్లకి హాయిగా అనిపించింది నాన్నా. దాన్ని తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. మిగతాది

ఐదో కాగితం: అమ్మకి

నీకు రాస్తాను, ఎందుకంటే నువ్వూ తక్కువ తినలేదు. నాన్న "బొత్తాం కుట్టడానికి ఊళ్ళో వేరే దర్జీలు లేరనుకుంటోందా అడుగు" అంటే, నేను వచ్చి "నువ్వు కుడితేనే బొత్తాం నిలుస్తుందట అమ్మా" అన్నాను. నువ్వు మూతి ముడుచుకునే ఆ చొక్కా అందుకుని కుట్టిచ్చావు. ఆయన అలా అనలేదు. ఎప్పుడూ అనలేదు.

నేను ఎందుకు మానలేదంటే భయం. నేను నోరు మూస్తే ఈ ఇల్లు రెండు ముక్కలవుతుందని, ఎవరి దారిన వాళ్ళు పోతారని. చిన్నప్పట్నుంచీ అదే భయంతో పరిగెత్తాను, వంటింటికీ వరండాకీ. ఇవాళ రాస్తున్నాను, ముక్కలైతే అవనీ. నేను కుట్టలేను.

వచ్చే నెల టాన్సిల్స్ తీసేస్తారు. లేకపోతే మళ్ళీ గడ్డ కడుతుందట. పక్కన ఒక మనిషి ఉండాలన్నారు. పొడుగు ఉంటానంది. మీరు రావద్దు. రావాలనే ఉంటే, ఎవరు వస్తారో మీరిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నోరు విప్పి మాట్లాడుకుని, తేల్చుకుని రండి. "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మకి చెప్పు" అనే మాట నా చెవిన పడిందో, నేను ఆ ఇంటికి మళ్ళీ రాను. ఇది బెదిరింపు అనుకున్నా సరే.

మీ ఇద్దరి కూతురు, ఇకమీదట ఎవరి నౌకరూ కాదు

.

నా తల్లీ, పొగరుమోతు పిల్లా,

నీ కాగితాలు చేరాయి. ఒకటోది చదువుతూ "ఆయన ఏమన్నాడంటే" దగ్గర ఆగిపోయాను. కత్తిరించే బల్ల మీద పరిచి తిరగేసి చూశాను, వెనక ఏమన్నా రాశావేమోనని. నీ మీద పట్టరాని కోపం వచ్చింది. కన్నతల్లితో పరాచికాలా అని నీకు ఫోను చేశాను. నువ్వు ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మొండిదానివి, ఎవరి పోలికో.

మీ నాన్న ఆ సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా కొట్టు గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, "ఒకటో కాగితం నీ దగ్గరుందా?" అన్నాడు. నువ్వు ఆరో తరగతి చదివిన రోజుల తర్వాత ఆ మనిషి నాతో అన్న మొదటి మాట అదేనే. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఒకటీ ఉంది, మూడూ ఐదూ ఉన్నాయి, రెండోది ఇలా పడెయ్" అన్నాను. నేనన్న మొదటి మాట కూడా అంత బాగా ఏడ్చింది.

చెరో స్టూలు మీద కూర్చుని చదివాం. ఆ రెండు కుర్చీల దగ్గర నాకు అక్షరాలు కనబడలేదు. మీ నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత పోట్లాడుకున్నాం. మామూలు పోట్లాట కాదు. పిల్ల గొంతు కోస్తుంటే ఎక్కడ చచ్చావని నేను, నువ్వెక్కడ చచ్చావని ఆయన. నా మిషను ఎవరికి అమ్మావో ఇప్పుడైనా చెప్పమని నేను. వీధి మొత్తం బయటికొచ్చింది. కొలతలివ్వడానికి వచ్చిన మేష్టారొకరు టేపు మెడలో వేసుకునే పారిపోయారు, ఇంకా తెచ్చివ్వలేదు.

ఇప్పుడు నేను చెప్పేది విని నువ్వు నన్ను తిట్టుకో. నువ్వు అల్లి చెబుతున్నావని నాకు తెలుసే. ఆ మనిషితో కాపురం చేసినదాన్ని నేను. "నువ్వు కుడితేనే నిలుస్తుంది" అనే మాట ఆయన నోట ఈ జన్మలో రాదు. తెలిసే ఊరుకున్నాను. తెలిసే నీతో చెప్పించుకున్నాను. నీ నోట్లోంచి వచ్చే మీ నాన్న మంచివాడు, నాకు నచ్చాడు. అసలు మనిషితో మాట్లాడితే ఆ మంచివాడు కాస్తా పోతాడని మాట్లాడలేదు. ఇదే మాట ఆయనతో అంటే, "నాకూ తెలుసు" అన్నాడు. "మరి ఎందుకు ఊరుకున్నావు?" అంటే మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. చూశావా, ఇద్దరం తెలిసి తెలిసీ చిన్నపిల్ల గొంతు వాడుకున్నాం. నీ రాళ్ళకంటే ఎక్కువ అరగదీశాం. నాకు నా మీద వచ్చిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఒక్కటి మాత్రం నువ్వు అల్లలేదు. ఆయన వేలు నలిగిన రోజు నేను నిజంగానే ఏమీ తినలేదు. అది కూడా అబద్ధమేనని మొన్నటిదాకా ఆయన అనుకున్నాడట.

ఇక అసలు సంగతి. "ఇలా బతకడం నావల్ల కాదు" అన్నాడు ఆయన. "నావల్లా కాదు" అన్నాను నేను. ఇన్నేళ్ళలో ఇద్దరం ఒక మాట మీదికి వచ్చింది అప్పుడే. మీ నాన్న కంపెనీ దగ్గర గది తీసుకుంటున్నాడు. కోర్టులూ కాగితాలూ ఏమీ లేవు. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళం, ఇకమీదట ఎవరి ఇంట్లో వాళ్ళం. నువ్వు భయపడ్డదే జరుగుతోంది తల్లీ. నీ ఉత్తరం వల్ల జరిగిందని గానీ అనుకున్నావో, వచ్చి చెంప పగలగొడతాను. ఎప్పుడో జరగాల్సినదాన్ని చిన్న పిల్లవి నువ్వు ఒక్కదానివే పట్టుకుని ఆపావు. ఇంక వదిలెయ్. చేతులు నొప్పి పుట్టి ఉంటాయి.

ఆపరేషనుకి ఇద్దరం వస్తున్నాం. ఒకే బస్సు, వేరే వేరే సీట్లు. ఎవరు ఎప్పుడు నీ దగ్గర కూర్చోవాలో మేమే తేల్చుకున్నాం. దానికీ అరుచుకున్నాం. అక్కడ కూడా అరుచుకుంటామేమో తెలియదు, అరుచుకుంటే నర్సమ్మ చేత బయటికి గెంటించు. మధ్యలో నువ్వు మాత్రం నోరు మెదపకు. పొడుగుకి చెప్పు, కాదు కాదు, ఆ పిల్లకి నేనే చెప్పుకుంటాను, దాని రుణం ఉంచుకోలేనని.

ఇది చదివి ఏడుస్తావు. నాకు తెలుసు. ఇప్పుడు ఏడవకు, గొంతు నొప్పి పుడుతుంది. మేం వచ్చాక ఏడుద్దువుగాని. పక్కన నేనుంటాను.

అమ్మ

పైనంతా చదివాను. మీ అమ్మ రాసింది నిజమే. బస్సు విషయం ఒక్కటి తప్పు రాసింది. పక్కపక్క సీట్లే దొరికాయి. వేరేవి ఉన్నాయేమో నేను అడగలేదు.

నేనూ ఉంటాను.

నాన్న